క్రెడిట్ లేదంటే నమ్మకం లేదనా?

ప్రశ్న: సార్, మాది తెనాలి. పద్నాలుగేళ్ళుగా చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. పక్క గది ఖాళీ అయింది, అదీ అద్దెకి తీసుకుని కొట్టు పెద్దది చేద్దామని నా సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకులోనే 3 లక్షల లోన్ అడిగాను. కంప్యూటర్లో ఏదో చూసి "మీకు క్రెడిట్ లేదమ్మా" అన్నారు. చుట్టూ జనం. తల కొట్టేసినట్టయింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒకరికి పైసా బాకీ పడలేదు నేను. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్తే (బీకాం రెండో ఏడు), "క్రెడిట్ అంటే లాటిన్‌లో నమ్మకం అమ్మా, మా మేడమ్ చెప్పారు" అంది. ఇంకా బాధేసింది. మళ్ళీ అదే బ్యాంకు నుంచి నిన్న ఫోనుకి మెసేజ్: "మీ ఖాతాకి 6,200 రూపాయలు క్రెడిట్ అయింది" అని. డబ్బొస్తే క్రెడిట్, అప్పు కార్డు పేరూ క్రెడిట్ కార్డే, నాకేమో క్రెడిట్ లేదు. ఈ మాటకి అసలు అర్థం ఏమిటి? ఎక్కడ పుట్టింది? నన్నిప్పుడు ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మాట పుట్టుక సంగతి తర్వాత. ముందు ఆ కౌంటర్ దగ్గర జరిగింది తేల్చేద్దాం. ఆ ఉద్యోగి చెప్పాల్సింది "క్రెడిట్ హిస్టరీ లేదు" అని. వెనకాల లైన్లో జనం, ముందు కంప్యూటరు, ఆ హడావిడిలో హిస్టరీని మింగేసి క్రెడిట్ లేదన్నాడు. మింగింది ఒక్క మాటే గానీ అర్థం ఎటో వెళ్ళిపోయింది. "మీ గురించి మా దగ్గర కాగితం లేదు" అనడానికీ "మీకు పరువు లేదు" అనడానికీ ఉన్నంత తేడా అది. ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో చేశాను నేను. అలాంటి సగం సగం మాటలు నేనూ అనే ఉంటాను, విని ఎంతమంది ఇంటికెళ్ళి బాధపడ్డారో. ఆ బాకీలో కొంత ఇలా తీర్చుకుంటాను.

ఇక మీ అమ్మాయి మాట. వాళ్ళ మేడమ్ చెప్పింది నిజమే. లాటిన్‌లో 'క్రెడెరె' అని ఒక క్రియ ఉంది. నమ్మడం అని అర్థం. అక్కడితో ఆగదు. నమ్మి ఒకరి చేతిలో పెట్టడమూ క్రెడెరెనే, అప్పివ్వడమూ క్రెడెరెనే. మనం "నిన్ను నమ్మి చేతిలో పెట్టాను కదరా" అంటాం చూడండి, అందులో నమ్మడం ఎక్కడ అయిపోయి డబ్బివ్వడం ఎక్కడ మొదలైందో ఎవరు గీత గీస్తారు? రోమన్లూ గీయలేదు. నమ్మి అప్పగించిన సొమ్ము వాళ్ళకి 'క్రెడిటుమ్', అప్పగించినవాడు 'క్రెడిటోర్'. అది ఇటలీ వర్తకుల నోట 'క్రెదితో' అయి, ఫ్రెంచివాళ్ళ దగ్గర 'క్రెదీ' అయి, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగింది. దిగడమే రెండు సంచులతో దిగింది. ఒక సంచిలో మాట మీద నమ్మకం, మనిషికున్న మంచి పేరు. రెండోదాంట్లో సరుకు ఇప్పుడు, డబ్బు తర్వాత. మిమ్మల్ని తికమక పెడుతున్నది ఈ రెండు సంచులే.

దాని చుట్టాలు మనకి తెలియకుండా మన మధ్యే తిరుగుతున్నారు. చర్చిలో చెప్పే విశ్వాస ప్రమాణాన్ని ఇంగ్లీషులో 'క్రీడ్' అంటారు. లాటిన్‌లో ఆ పాఠం 'క్రెడో', అంటే 'నేను నమ్ముతున్నాను' అని మొదలవుతుంది కాబట్టి ఆ పేరు. విలేకరుల అక్రెడిటేషన్ కార్డు, కాలేజీల అక్రెడిటేషన్, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు, అన్నీ ఈ వంశమే. నాకు అన్నిటికంటే ఇష్టమైన చుట్టం మాత్రం ఒక బల్ల. ఇటలీలో భోజనాల గదిలో గిన్నెలు పెట్టుకునే బల్లని 'క్రెదెంజా' అంటారు. ఆ మాటకి నమ్మకం అనే అర్థం. దొరగారు తినబోయే వంటకంలో విషం లేదని నౌకరు ముందుగా రుచి చూసి చూపించేవాడు. ఆ తంతుకి ఆ పేరు, పోగా పోగా తంతు జరిగే బల్లకీ అదే పేరు. నమ్మకం అంటే ముందు ఇంకొకడు తిని చూపించడమన్నమాట! నవ్వొస్తుంది గానీ, లోన్ అడిగితే మేం చేసే పని ఇప్పటికీ అదే. మీకు ఇంతకుముందు ఇంకెవరైనా అప్పిచ్చి బతికి బట్టకట్టారా అని చూస్తాం. మీ వంటకం ఎవరూ రుచి చూడలేదు. అంతే మీ నేరం.

ఇప్పుడు వాళ్ళ మేడమ్ బహుశా చెప్పని ముక్క ఒకటి. ఈ క్రెడెరెకి తోబుట్టువు మనింట్లోనే ఉంది. పేరు శ్రద్ధ.

'శ్రత్' అనే ముక్క, 'ధా' అనే ధాతువు కలిస్తే శ్రద్ధ. ధా అంటే ఉంచడం, పెట్టడం. లాటిన్ మాట కూడా సరిగ్గా ఇలాంటి రెండు ముక్కలు అతుక్కుని పుట్టినదే. పైకి అని చూడండి: శ్రద్, క్రెద్. సంస్కృతంలో శ పలికినచోట లాటిన్‌లో క పలకడం మామూలు. మన శతం వాళ్ళకి 'కెంటుమ్', దాన్నుంచే సెంచరీ. అలాగని మనది చూసి వాళ్ళు రాసుకోలేదు, వాళ్ళది చూసి మనమూ రాసుకోలేదు. ఇద్దరికీ ముందున్న ఒక పాత భాషలోని జంట అటు ఇటలీకీ ఇటు సింధు తీరానికీ వచ్చి చెరో రూపం కట్టింది.

మొదటి ముక్కకి అర్థం ఏమిటన్నది రసవత్తరమైన తగవు. 'శ్రత్' అంటే సత్యం అని మన పాత నిఘంటువు చెప్తుంది. ఐరోపా భాషా పండితులు ఎక్కువమంది అది గుండె అన్నారు. గ్రీకులో కార్దియా, లాటిన్‌లో కోర్, ఇంగ్లీషు హార్ట్ ఏ మూలం నుంచి వచ్చాయో ఇదీ అక్కడిదే అని. వాళ్ళ లెక్కన శ్రద్ధ అన్నా క్రెడిట్ అన్నా 'గుండెని తీసుకెళ్ళి ఒకచోట పెట్టడం'. గుండె సంగతి మీద అనుమానం ఉన్న పండితులూ ఉన్నారు గానీ, శ్రద్ధా క్రెడోలు తోబుట్టువులన్న దాంట్లో మాత్రం పేచీ లేదు.

ఋగ్వేదం పదో మండలంలో 151వ సూక్తం మొత్తం శ్రద్ధ మీదే. అందులో రెండు పాదాలు చూడండి: "శ్రద్ధాం హృదయ్యయాకూత్యా శ్రద్ధయా విందతే వసు". గుండెలో పుట్టిన సంకల్పంతో శ్రద్ధ దొరుకుతుంది, శ్రద్ధతో సంపద దొరుకుతుంది అని. గుండె, నమ్మకం, డబ్బు మూడూ ఒక్క వరసలో. యజ్ఞం చేయించేవాడు ముందు ఇస్తాడు, ఫలం తర్వాత వస్తుందని నమ్ముతాడు. నా బ్యాంకు బుర్రకి ఇది క్రెడిట్ పద్ధతిలాగే కనిపిస్తుంది. వేద పండితులు ఒప్పుకోకపోతే తప్పు నాదే.

మనకిది తట్టకపోవడానికి కారణం తెలుగులో శ్రద్ధ వేరే ఊరు వెళ్ళిపోవడం. "శ్రద్ధగా చదువుకో", "ఆరోగ్యం అశ్రద్ధ చేయకు" అంటాం. మనసు పెట్టడం అనే అర్థం మిగిలింది, నమ్మకం అనే అర్థం ఆవిరైంది. శ్రాద్ధంలో మాత్రం పాత అర్థం దాక్కుని ఉంది. తద్దినం పెట్టేవాడు పెడుతున్న పిండం పెద్దలకి చేరుతుందని నమ్మి పెడతాడు. రసీదు ఉండదు. చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తులో గురువు చెప్పే మాటల్లో "శ్రద్ధయా దేయమ్, అశ్రద్ధయాఽదేయమ్" అని ఉంటుంది. నమ్మి ఇవ్వు, నమ్మకుండా ఇవ్వకు. లోన్ సెక్షన్‌లో గోడకి తగిలించుకోదగ్గ మాట.

మా తాతకి గుడివాడ దగ్గర పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. తలుపు పక్క పలక మీద సున్నంతో "నేడు నగదు రేపు అరువు" అని రాసి ఉండేది. సరిగ్గా ఆ పలక కింద కూర్చుని పొద్దస్తమానం అరువు రాసుకునేవాడు. పొడుగాటి ఖాతా పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, మధ్యలో దారం. పద్దులకి ఇంటిపేర్లు ఉండేవి కావు. "చెరువుగట్టు", "మేస్త్రి రెండో కోడలు", "కుంటి గేదె వాళ్ళు", ఇలా. పక్కన చింతపండు, ఉప్పు, కిరసనాయిలు, ఎదురుగా అణాలు. బాకీ తీరిన రోజు పద్దు మీద అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన "చెల్లు" అని రాసేవాడు. ఆ గీత కొట్టేటప్పుడు అవతలి మనిషి తప్పకుండా మెడ చాపి చూసేవాళ్ళు. చదువు రానివాళ్ళు కూడా.

ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల అరువు అడిగితే తాత ఒక్కటే అడిగేవాడు: "ఎవరింటికి వచ్చావమ్మా?" జవాబు విని పుస్తకం తెరిచేవాడు. క్రెడిట్ చెక్ అయిపోయింది! దాంట్లో మంచీ ఉంది, చెడూ ఉంది. ఫలానా ఇల్లు అంటే చాలు సరుకు దొరికేది. ఇంకో ఫలానా పేట పేరు చెప్తే పుస్తకం మూసుకునేది, ఆ మనిషి ఎంత నిక్కచ్చి అయినా సరే. తాతని తలుచుకుంటే నాకు ముద్దొస్తుంది గానీ, ఆ రెండోది మర్చిపోయి ఆ రోజులే బంగారం అంటే అబద్ధమాడినవాణ్ణవుతాను.

మీకూ కొట్టు ఉంది కాబట్టి అడుగుతున్నాను. మీ గల్లాపెట్టెలో అలాంటి నోటుపుస్తకం ఒకటి లేదూ? పెళ్ళికి గాజులు తీసుకెళ్ళి "అక్కా, శుక్రవారం ఇస్తా" అన్నవాళ్ళ పద్దులు? ఉంటే మీరు పద్నాలుగేళ్ళుగా క్రెడిటర్. మాట తెలియకపోయినా పని చేస్తూనే ఉన్నారు.

తెలుగులో క్రెడిట్‌కి సరితూగే మాట లేదని కొందరు అంటారు. ఉంది. మీ చుట్టుపక్కల పల్లెల్లో బోర్డు మీద చూసే ఉంటారు: "ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం". 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చాక మన పల్లెల్లోకి దిగిన వ్యవస్థ అది. పేపర్లో రిజర్వు బ్యాంకు వార్త వస్తే "ద్రవ్య పరపతి విధానం" అని రాస్తారు. ఈ పరపతిని మనం మామూలుగా ఎలా వాడతాం? "ఆయనకి ఊళ్ళో మంచి పరపతి ఉంది" అని. ఆయన మాటకి విలువుంది, నలుగురూ వింటారు అని. లాటిన్ మాటలో ఉన్న రెండు సంచులూ, పేరూ అప్పూ, ఈ ఒక్క తెలుగు మాటలో కుదురుగా సర్దుకున్నాయి. దీన్ని క్రెడిట్‌కి ఎంచుకున్న అనువాదకులెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. ఆ ఉద్యోగి ఇంగ్లీషు మాని "మీకు పరపతి లేదమ్మా" అని ఉంటే మీరు అక్కడే నాలుగు దులిపి వచ్చేవారు, న్యాయంగానే.

ఇక మీ ఫోనుకొచ్చిన 6,200 మెసేజ్. ఇది మీ అమ్మాయి సబ్జెక్టు, ఆమెనే కూర్చోబెట్టి అడగండి. బీకాం పిల్లలందరికీ నోటికొచ్చే సూత్రం ఉంది: వ్యక్తుల ఖాతాల్లో పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. పుస్తకం ఎవరు రాస్తున్నారో వాళ్ళ వైపు నుంచి చూడాలి. ఆ మెసేజ్ రాసింది బ్యాంకు, తన పుస్తకం చూసుకుని. ఆ 6,200 మీరు బ్యాంకుకి ఇచ్చారు. ఇచ్చినవారు మీరు కాబట్టి మీ పేరున క్రెడిట్. అంటే బ్యాంకు లెక్కలో మీరు అప్పిచ్చినవారు, బ్యాంకు మీకు బాకీ. మన వైపు నుంచి చూసి తెలుగులో 'జమ' అంటాం కాబట్టి అది మన డబ్బు మన పెట్టెలో చేరినట్టు అనిపిస్తుంది. పెట్టె మనది కాదు.

ఇది మాటల గారడీ కాదు, చట్టమే. 1848లో ఇంగ్లండులో ఫోలీ వర్సెస్ హిల్ అనే కేసు ప్రభువుల సభ దాకా వెళ్ళింది. బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకు దగ్గర దాచమని ఇచ్చిన సొమ్మా, లేక బ్యాంకుకి ఇచ్చిన అప్పా అన్నది తగవు. అప్పే అని తేల్చారు. బ్యాంకరు బాకీదారు, ఖాతాదారు రుణదాత. మన దేశంలోనూ బ్యాంకుకీ ఖాతాదారుకీ మధ్య సంబంధాన్ని ఇలాగే చూస్తారు.

కాబట్టి ఆ రోజు కౌంటర్ దగ్గర జరిగిందేమిటో ఇప్పుడు చూడండి. ఏళ్ళ తరబడి మీ దగ్గర అప్పు తీసుకుంటూ వచ్చిన సంస్థ, మీరు మొదటిసారి తిరిగి అడిగేసరికి "మీరెవరో మాకు తెలియదు" అంది. తప్పు ఆ ఉద్యోగిది కూడా కాదు. కానీ మీకు కోపం వస్తే ఆ కోపంలో లెక్క తప్పు లేదు.

డెబిట్, క్రెడిట్ అంటూ రెండు వైపులా రాసే ఈ పద్ధతిని 1494లో వెనిస్‌లో లూకా పాచోలి అనే సన్యాసి తన గణిత గ్రంథంలో అచ్చు వేశాడు. ఆయన కనిపెట్టింది కాదు, వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని విడమరిచి రాశాడు. అందుకే క్రెడిట్ అన్న మాట ఎక్కడ కనిపించినా నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ ఎవరు ఎవర్ని నమ్మారు? ఖాతాలో క్రెడిట్ అయితే మీరు బ్యాంకుని నమ్మారు. క్రెడిట్ కార్డయితే బ్యాంకు మిమ్మల్ని నమ్మింది, డెబిట్ కార్డయితే ఆ గొడవే లేదు, మీరిచ్చినదే మీరు వాడుకుంటున్నారు. సినిమా చివర్లో పైకి పాకే పేర్లు ఇచ్చినవాడి పేరు రాయడమనే పాత లెక్కే. ఆఫీసులో "పని నాది, క్రెడిట్ వాడిది" అని ఏడ్చేదీ అదే.

మరి హిస్టరీ అంటే ఏమిటి? 1837లో అమెరికాలో వ్యాపారాలు కుప్పకూలినప్పుడు లూయీ టాపన్ అనే న్యూయార్కు పట్టు వర్తకుడు అరువులిచ్చి బాగా దెబ్బతిన్నాడు. 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అని ఒక కంపెనీ పెట్టాడు. ఊరూరా ఉన్న లాయర్లూ వర్తకులూ అక్కడి కొట్లవాళ్ళ గురించి రాసి పంపేవారు. ఎంత ఆస్తి ఉంది, తాగుతాడా, మాట మీద నిలబడతాడా, ఇలాంటివి. వాటిని పెద్ద పెద్ద లెడ్జర్లలోకి ఎక్కించి, అరువివ్వబోయే వర్తకులకి డబ్బు పుచ్చుకుని చెప్పేవారు. మా తాత "ఎవరింటికి వచ్చావమ్మా" అన్నదాన్నే ఖండమంతా సాగదీశాడన్నమాట. 1912లో అమెరికన్ పార్లమెంటు కమిటీ ముందు అక్కడి పెద్ద బ్యాంకరు జె.పి. మోర్గాన్ కూడా అప్పుకి ఆస్తి కంటే ముందు మనిషి నడత చూస్తానని, తను నమ్మని మనిషి ఎన్ని బాండ్లు తెచ్చినా డబ్బివ్వనని చెప్పాడు. 1989లో అక్కడ అప్పు తీర్చే తీరుకి మార్కులేసే ఫైకో స్కోరు వచ్చాక నడత ఒక అంకె అయింది. మన దేశంలో 2000లో అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ అనే సంస్థ మొదలైంది, 2005లో క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం వచ్చింది. ఇప్పుడు ఇలాంటి బ్యూరోలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్.

ఈ బ్యూరోలు ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఎవరింటి కోడలు అన్నది ఆ అంకెకి అక్కర్లేదు, అది మంచిదే. కానీ పద్నాలుగేళ్ళు అద్దె తప్పకుండా కట్టడం, హోల్‌సేల్ వాళ్ళకి చెప్పిన రోజుకి డబ్బు పంపడం, ఇవీ దానికి కనపడవు. అది చూసేది ఒక్కటే: బ్యాంకుల దగ్గరో ఫైనాన్సు కంపెనీల దగ్గరో తీసుకున్న అప్పు, తీర్చిన తీరు. అప్పే చేయని మనిషికి అది రాసే గుర్తు మైనస్ ఒకటి, లేదా 'ఎన్‌హెచ్', అంటే నో హిస్టరీ. చెడ్డ మార్కు కాదది. పరీక్షకి హాజరు కాలేదని రాయడం. ఎగ్గొట్టినవాడి 450 వేరు, మీ ఖాళీ గడి వేరు. ఇది మీరు గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే రేపు కౌంటర్ దగ్గర మాట్లాడాల్సింది దీని మీదే.

ఇప్పుడు చేయాల్సిన పని. మొదట మీ రిపోర్టు మీరే తెప్పించుకోండి. నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒక్కోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వాటి సైట్లలో డబ్బు కట్టే ప్లాన్లు కంటికి ముందు కనిపిస్తాయి, ఉచితం అన్నది ఏ మూలో ఉంటుంది. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. రిపోర్టు నిజంగా ఖాళీగా ఉందా, లేక మీకు తెలియని అప్పేదైనా మీ పేరున ఉందా చూడండి. ఎప్పుడో మరిదికో తమ్ముడికో హామీ సంతకం పెట్టి మర్చిపోయినవి ఇందులో తేలతాయి. హామీ ఉన్నవాళ్ళ రిపోర్టులోకీ ఆ అప్పు ఎక్కుతుంది. నా సర్వీసులో ఇలా నివ్వెరపోయిన వదినలనీ బావలనీ చాలామందిని చూశాను.

రిపోర్టు ఖాళీయే అయితే మళ్ళీ అదే బ్యాంకుకి వెళ్ళండి. నోటిమాటగా అడగొద్దు, దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో కూడా ఈ సంగతే చెప్పింది. అలాగని ఇచ్చి తీరాలని కాదు. మిగతావి చూసి నిర్ణయించుకోమని. ఆ మిగతావి మీ దగ్గర దండిగా ఉన్నాయి: ఖాతా స్టేట్‌మెంట్లు, స్కానర్ మీద రోజూ పడుతున్న యూపీఐ డబ్బు, అద్దె అగ్రిమెంటు, హోల్‌సేల్ బిల్లులు. బ్యాంకుకి బిల్లుల కట్ట పట్టుకెళ్ళడానికి మొహమాటపడకండి. ముద్ర పడిన బిల్లు చూస్తే బ్యాంకువాడి మొహమే వేరు, ఇది నా అనుభవం.

లోన్ అని ఊరికే అడగకుండా 'ముద్ర లోన్' అని, చిన్న వ్యాపారాల కోసం ఉన్న ప్రభుత్వ పథకం పేరు పెట్టి అడగండి. మీ 3 లక్షలు అందులో 'కిశోర్' తరగతిలోకి వస్తాయి, 50 వేల నుంచి 5 లక్షల దాకా అది. తాకట్టు అడగరు. దానికి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. చిల్లర వ్యాపారాలకి 2021 నుంచి అది దొరుకుతోంది, ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది, ఉచితం. ఎవరైనా చేయిస్తామని వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వకండి.

చరిత్ర కట్టుకోవడానికే అప్పు చేయండి అని చెప్పేవాళ్ళు తగులుతారు. నేను అలా చెప్పను. అప్పు లేకుండా పద్నాలుగేళ్ళు కొట్టు నడిపిన మనిషికి అప్పు నేర్పడం నా వల్ల కాదు. ఒకవేళ ఎటూ అవసరం పడితే, బంగారం మీద చిన్న మొత్తం తీసుకుని గడువులోగా తీర్చినా అది రిపోర్టులోకి ఎక్కుతుంది. మీ ఎఫ్‌డీ హామీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు ఇంకో దారి. కార్డయితే నెలనెలా బిల్లు మొత్తం కట్టేయాలి. మినిమమ్ కట్టే అలవాటు పడిందా, అది ఊబి. "మీ స్కోరు పెంచుతాం" అని ఫోన్ చేసేవాళ్ళనీ, ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లనీ దగ్గరికి రానీయకండి. రిపోర్టులో నిజంగా జరిగినదాన్ని డబ్బు పుచ్చుకుని ఎవరూ చెరపలేరు. తప్పు పడి ఉంటే బ్యూరోకి మీరే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

ఇంతా చేసి ఈసారీ కాదంటే, కారణం రాసివ్వమని అడగండి. చిన్న లోనైనా పెద్ద లోనైనా, నిరాకరిస్తే ముఖ్యమైన కారణాలు రాతపూర్వకంగా చెప్పాలన్నది కూడా రిజర్వు బ్యాంకు నియమమే. అడిగిన గొంతు చూసే సగంమంది దరఖాస్తుని ఇంకోసారి చదువుతారు. అప్పటికీ రాసే ఇస్తే, ఆ కాగితం మీద పేరూ ఖాతా నంబరూ కొట్టేసి నాకు పంపండి. ఏం రాశారో చూశాక తర్వాతి అడుగు చెప్తాను.